టెక్సాస్‌లో ఇళ్ల వెనకాల ఇండోర్ కార్ల సేల్స్, జోనింగ్ (ఎక్కడ ఏ పని చెయ్యొచ్చో చెప్పే సిటీ రూల్) ఒప్పుకుంటుందా?

కొత్త డీలర్: అన్నలూ, డాలస్ దగ్గర ఇళ్ల వెనకాలే ఒక వేర్‌హౌస్ చూశాం, నేనూ తమ్ముడూ కలిసి పాత కార్లు కొని అమ్ముదామని, బండ్లన్నీ లోపలే పెడతాం బయట ఒక్కటి కూడా కనపడదు, అయినా సిటీ వాళ్లు అడ్డం పడతారా? ఓనరేమో రేపే సైన్ చెయ్యమంటున్నాడు.

ప్లేనో బాబాయ్: ఆగవయ్యా, సంతకం పెట్టకు. ముందు ఆ అడ్రస్ ఏ జోన్‌లో ఉందో సిటీ ప్లానింగ్ వాళ్లని అడుగు, లోపల అమ్మినా చాలా సిటీల్లో వెహికల్ సేల్స్‌ని వేర్‌హౌస్ కాకుండా వేరే వాడకంగానే చూస్తారు. జోనింగ్ మార్చాల్సి వస్తే 200 అడుగుల లోపు ఇళ్ల ఓనర్లకి హియరింగ్‌కి (జనం అభిప్రాయం వినే మీటింగ్‌కి) 10 రోజుల ముందే లెటర్లు పోతాయి. వాళ్లకి షెడ్డులో బండ్లతో పేచీ ఉండదు, టెస్ట్ డ్రైవ్‌లు మా వీధిలోనా, ట్రక్కులు రాత్రిపూట దింపుతారా, అదీ గొడవ.

గరాజ్ గిరి: స్టేట్ లైసెన్స్ వేరే బాబూ. ఏడాదికి 4 కంటే ఎక్కువ అమ్మితే డీలర్ లైసెన్స్, 50,000 డాలర్ల బాండ్ (గ్యారంటీ పత్రం), కనీసం 5 బండ్లు పెట్టే చోటు కావాలి, లోపలైనా ఓకే.

హ్యూస్టనోడు: మా ఊరొచ్చేయ్, ఇక్కడ జోనింగే లేదు 😄

ప్లేనో బాబాయ్: డీడ్ రెస్ట్రిక్షన్లు (స్థలం పత్రాల్లోనే రాసిన వాడకం షరతులు) ఉంటాయిగా, అదీ చెప్పు!

కొత్త డీలర్: పర్మిట్ రాకపోతే లీజు రద్దు అని రాయమన్నా, ఓనర్ మొహం మాడ్చుకున్నాడు. సోమవారం సిటీ ఆఫీసుకి వెళ్తున్నా.