స్టేషన్ వేలంలో పాత బండ్లు: లాటుగా కొట్టేయాలా, ఒక్కొక్కటిగా పాడాలా?

ఒంగోలు జావా:
మా వైపు ఒక పోలీసు స్టేషన్‌లో పేరుకుపోయిన బండ్లకు పోయిన వారం వేలం పెట్టారు. నూటికి పైగా టూవీలర్లు, అన్నీ కలిపి ఒకే లాటు. ముందురోజు చూసుకోవచ్చంటే వెళ్లాను. ప్రహరీ వారన తుమ్మచెట్టు కింద, తుప్పు పట్టిన ఎక్సెల్ మోపెడ్ల మధ్య ఒక జావా మోటార్ సైకిల్ ఒరిగి ఉంది. సీటు లేదు, సైలెన్సర్లు లేవు, ముందు రిమ్ము వేలితో గీరితే పొరలు పొరలుగా రాలుతోంది. ట్యాంకు మీద దుమ్ము తుడిచి చూస్తే మెరూన్ రంగు, దాని అంచున సన్నగా బంగారు గీత. మోకాలు ఆనే రబ్బరు ప్యాడు ఒక పక్క అలాగే ఉంది. హ్యాండిల్ కింద మెడ దగ్గర ఛాసిస్ నంబరును ఎవరూ ముట్టుకోలేదు. ఫ్యాక్టరీలో వేసిన రంగు, ఫ్యాక్టరీలో కొట్టిన నంబరు. ఇంతకన్నా ఏం కావాలి?

మైసూరు ఐడియల్ జావా కంపెనీ 1961లో బండ్లు తీయడం మొదలుపెట్టింది, 1996లో మూతపడింది. డెబ్బైలలోనే పేరు యెజ్డీగా మారింది కాబట్టి ట్యాంకు మీద జావా అని ఉన్న బండి ఎంత పాతదో మీరే లెక్కేసుకోండి. అలాంటిదాన్ని తూకానికి కొట్టేశారు. లాటు పాడినాయన్ని నేనేమీ అనడం లేదు, ఆయన వ్యాపారం ఆయనది. నేనడిగేది ఒక్కటే. జావా, యెజ్డీ, రాజ్‌దూత్, పాత ఇనుప ఇంజిన్ బుల్లెట్ లాంటివి లాటులోంచి పక్కకు తీసి, ఫోటో, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు వేసి ఒక్కొక్కటిగా పాడించకూడదా? సర్కారుకూ నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి, బండీ బతుకుతుంది. దీనికి అడ్డమేంటో తెలిసినవాళ్లు చెప్పండి.

నెల్లూరు పాతఇనుం:
అన్నా, నేను ఇట్టాంటి లాట్లు పాడేవాణ్ణే. నా వైపు నుంచి కూడా వినండి.

ఒక్కొక్క బండికీ పాట పెట్టారనుకో, ఏమవుతుంది? బాగున్న పదింటికి జనం ఎగబడతారు. మిగిలిన తొంభై డొక్కులు ఎవరు ఎత్తుకుపోవాల? ఇంజిన్ లేనివి, కాలిపోయినవి, యాక్సిడెంట్‌లో మడతపడినవి, అన్నీ మళ్లీ ఆ చెట్టు కిందే పడుంటాయి. వానొస్తే టైర్లలో నీళ్లు, దోమలు. స్టేషన్ వాళ్లకు కావాల్సింది స్థలం ఖాళీ కావడం. మేము ధరావతు కట్టి, పాట పాడి, పైన 18 శాతం జీఎస్టీ కట్టి, లారీ పెట్టుకుని మంచీ చెడ్డా మొత్తం ఊడ్చుకుని పోతాం. ఆ మంచి పదీ ఉంటాయనే లాటుకి ఆ రేటు పాడతాం. అవి తీసేస్తే పాట సగానికి పడిపోద్ది. అప్పుడు సర్కారుకు లాభమెక్కడ?

ఇంకో మాట. కాగితాల్లేని బండి విడిగా అమ్మితే అది మళ్లీ రోడ్డెక్కుతుంది. వేరే బండి ఆర్సీ నంబరు దీని మీద పంచింగ్ కొట్టి తిప్పుతారు. రేపు ఆ బండితో గొలుసు దొంగతనం జరిగితే పోలీసులు తిరిగి తిరిగి వచ్చేది మా కొట్టుకే. పగలగొట్టి ఇనుము చేస్తే ఆ గొడవే ఉండదు.

కావలి మెకానిక్:
ఇద్దరూ చెప్పిందాంట్లో నిజముంది. నేను ముప్పై ఏళ్లుగా బుల్లెట్లు, యెజ్డీలు విప్పుతున్నా, నా కళ్లతో చూసింది చెప్తా.

పాతఇనుం అన్న లాంటి వాళ్ల కొట్లు లేకపోతే మా దగ్గరికొచ్చే బండ్లలో సగం ఎప్పుడో ఆగిపోయుండేవి. యెజ్డీ క్లచ్ కవరు, రాజ్‌దూత్ హెడ్‌లైట్ బుట్ట, బుల్లెట్‌లో కాలి మడమతో నొక్కి న్యూట్రల్ వేసే ఆ చిన్న లివరు, ఇవన్నీ తుక్కులోంచి ఏరుకొచ్చినవే. కాబట్టి లాటుకి పోయిన బండి మొత్తం చచ్చిపోయిందని అనుకోబాకండి, ముక్కలుగా నాలుగు బండ్లలో బతుకుతుంది.

కానీ ముక్కలు చేస్తే మళ్లీ రానివి రెండున్నాయి. ఒకటి ఇంజిన్ కేసు. దాని రెండు చెక్కలూ ఫ్యాక్టరీలో జోడీగా కలిపి బోరు వేసినవి. ఈ బండి ఎడమ చెక్క ఆ బండి కుడి చెక్కకు పెడితే బేరింగు సరిగ్గా కూర్చోదు, ఆయిలు కారుద్ది. రెండోది నంబరున్న ఛాసిస్ మెడ. దాన్ని గ్యాస్ కట్టర్‌తో కోశాక ఇక ఆ బండి అన్నది లేదు.

యార్డులో చూసేవాళ్లకు ఒక మాట. జావా, యెజ్డీలకు గేరు లివరే కిక్కు. లోపలికి నొక్కి, పైకి తిప్పి, అప్పుడు తొక్కాలి. అది కొంచెం కదిలినా క్రాంకు, అంటే ఇంజిన్ లోపల తిరిగే ఇరుసు, బిగుసుకోలేదని అర్థం. పాటకు ముందు అంతమాత్రం తెలిస్తే చాలు. సముద్రపు గాలికి క్రోమ్ ఎలాగూ పోతుంది, దాని కోసం బెంగ పెట్టుకోబాకండి. కొని తెచ్చాక మాత్రం పాత రంగు గీకేసి కొత్త పెయింటు కొట్టించకండయ్యా. పెళ్లికి ముస్తాబు చేసినట్టు మెరిపించుకొస్తారు, అసలుది పోతుంది.

ఫారం 32:
రవాణా శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. చట్టం సంగతి తేలిస్తే వాదన సగం తగ్గుతుంది.

స్క్రాప్ కింద అమ్మిన బండికి మళ్లీ రిజిస్ట్రేషన్ రాదు. వాహనంగా అమ్మితే వస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 57 ప్రకారం ప్రభుత్వ వేలంలో కొన్నవాళ్లు బండి చేతికొచ్చిన 30 రోజుల్లోపు ఫారం 32లో దరఖాస్తు పెట్టుకోవాలి, వేలం వేసిన అధికారి ఇచ్చిన అమ్మకపు ధ్రువపత్రం జతచేయాలి. కాబట్టి అంతా వేలం ప్రకటనలో ఏ మాట రాశారన్నదాని మీదే ఉంది. పాతఇనుం గారు భయపడే పంచింగ్ బండ్లు ఈ దారిలో వచ్చేవి కావు. ఈ దారి లేక దొడ్డిదారిన వెళ్లేవే అవి. నంబరు రికార్డులో ఉండి, దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసి ఫైల్లో పెట్టిన బండిని మార్చడం కష్టం.

2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా మొదటి రూపంలో ఉండాలి. కొత్తగా నమోదుకు 20 వేలు, పదేళ్లకోసారి తిరిగి నమోదుకు 5 వేలు. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. రోజువారీ తిరగడానికి పనికిరాదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ అయితే తీయొచ్చు. ముందే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100ని వింటేజ్ అని అమ్మేవాళ్లను నమ్మకండి, దానికి 2035 దాకా ఆ అర్హత లేదు.

పొదిలి కుర్రోడు:
నాకు ఈ ఒక్కొక్కటి పాట మీదే అనుమానం. ఆర్‌ఎక్స్ 100 ఒకప్పుడు మా ఊళ్లో పాల క్యాన్లు కట్టుకుని తిరిగిన బండి. ఇప్పుడు దాని రేటు వింటే కొత్త బండి కొనుక్కోవడం నయమనిపిస్తుంది. ఫోటోలు పెట్టి ఆన్‌లైన్‌లో పాట పెడితే బెంగళూరు, హైదరాబాద్ వాళ్లు కూర్చున్న చోటి నుంచే పాడుకుపోతారు. మనూరి జావా వాళ్ల హాల్లో బొమ్మలా నిలబడుతుంది. ఇప్పుడైతే లాటు పాడినాయన దగ్గరికెళ్లి బతిమాలితే ఐదారు వేలకైనా ఇస్తాడు. మాలాంటోళ్లకు దక్కే దారి అదొక్కటే, అది కూడా మూసేస్తారా?

ఒంగోలు జావా:
తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు, కానీ రేటు తెలియకపోవడం వల్ల మనకు దక్కుతుందనుకోవడం పొరపాటు. రేటు తెలియకపోతే బండి కొలిమికి పోతుంది. నీలా బతిమాలడానికి వెళ్లేది నూటికొకడు.

2016లో ఇంగ్లండులో జరిగిన ఒక పాట చెప్తాను. కార్న్‌వాల్‌లోని బాడ్మిన్ మూర్ దగ్గర కొట్టాల్లో, దశాబ్దాల తరబడి ఎవరూ ముట్టుకోని బ్రఫ్ సుపీరియర్ అనే పాతకాలపు ఇంగ్లిష్ మోటార్ సైకిళ్లు ఎనిమిది బయటపడ్డాయి. కొన్ని విడిభాగాలుగానే ఉన్నాయి, అంతా తుప్పు. బాన్‌హామ్స్ అనే వేలం సంస్థ వాటిని ఉన్నవి ఉన్నట్టే వేలానికి పెట్టింది. అందులో 1938 నాటి నాలుగు సిలిండర్ల బండి ఒక్కటే 3,31,900 పౌండ్లకు పోయింది. మన జావాకు ఆ ధర వస్తుందని నేను అనడం లేదు, దాని లోకం వేరు. కానీ తుడవకుండా, రంగేయకుండా, నంబర్లు, చరిత్ర రాసి పెట్టారు. ఆ రాతకే అంత డబ్బు పెట్టారు.

మన ఒంగోలు గిత్తల సంగతి చూడు. 1960లలో కరవది గిత్త కూడా బ్రెజిల్ వెళ్లింది. వాళ్లు ప్రతి దూడకూ తల్లిదండ్రుల పేర్లు రిజిస్టర్లో రాసుకుంటూ వచ్చారు. 2023లో వియటినా-19 అనే నెలోర్ (మన ఒంగోలు జాతికి అక్కడి పేరు) ఆవులో మూడో వంతు వాటా వేలంలో అమ్మితే, ఆ లెక్కన ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. జాతి మనది, రాసుకున్నది వాళ్లు. పాత బండికైనా అంతే, రాసిపెట్టకపోతే విలువెక్కడిది?

పెన్నా ఒడ్డు:
ఇంతసేపూ సర్కారు, కొనేవాళ్లు, అమ్మేవాళ్లే మాట్లాడారు. బండి పోగొట్టుకున్నవాళ్ల గురించి ఎవరూ అనలేదు.

మా నాన్నగారి బుల్లెట్ చాలా ఏళ్ల క్రితం ఇంటి ముందు నుంచే ఎత్తుకుపోయారు. కేసు పెట్టాం, తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేదు. నాన్న పోయారు. ఆర్సీ పుస్తకం ఇప్పటికీ మా అమ్మ బీరువాలో పట్టుచీరల కింద ఉంది. ఆ బండి ఏ జిల్లాలో ఏ స్టేషన్ గోడ పక్కన పడి ఉందో, లేక ఏ లాటులో పోయిందో మాకు తెలిసే దారే లేదు. ‘వంద టూవీలర్లు, ఒక లాటు’ అని ప్రకటన వేస్తే అందులో మా బండి ఉందని నాకెలా తెలుస్తుంది? నంబర్లు వేస్తే కనీసం పుస్తకం తీసి పోల్చి చూసుకుంటాను. నాకు వింటేజ్ అక్కర్లేదు, దాని ధరా అక్కర్లేదు.

ఫారం 32:
అమ్మా, మీరన్నది చట్టంలోనే ఉంది. హక్కుదారు ఎవరో తెలియని ఆస్తి అయితే, ఆ వస్తువులేమిటో వివరిస్తూ మేజిస్ట్రేట్ ప్రకటన ఇచ్చి, ఆరు నెలల్లోపు వచ్చి అడగమనాలి. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 457వ సెక్షన్‌లో ఉన్నది ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 503లో ఉంది. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే బండ్లను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచొద్దంది, అప్పగించే ముందు ఫోటోలు తీసి వివరంగా పంచనామా రాయాలని కూడా చెప్పింది. కాబట్టి ఒంగోలు జావా గారు అడిగే ఫోటో, నంబరు కొత్త కోరికేమీ కాదు. మీ నాన్నగారి పేరున్న బండి దొరికితే వారసుల పేరు మీదకు మార్చుకోవడానికి ఫారం 31 ఉంది. ఆ పుస్తకం జాగ్రత్తగా ఉంచండి.

ఒంగోలు జావా:
అక్కా, మీరు చెప్పాక నా వాదన నాకే చిన్నదిగా కనబడుతోంది. పాత జావాలు, బుల్లెట్లని ఏరి అడిగాను. నంబర్ల జాబితా మొత్తం బండ్లకూ ఉండాలి, ఎక్సెల్‌కు కూడా. అది పాటకు ముందు స్టేషన్ గోడ మీదా, పోలీసు శాఖ వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి. ఆ తర్వాత పనికొచ్చేవి వాహనంగా ఒక్కొక్కటి, పనికిరానివి లాటుగా. ఏది ఏదో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ తేల్చాలి. సోమవారం గ్రీవెన్స్‌లో ఎస్పీ గారికి అర్జీ ఇస్తాను. చిన్నవాళ్లు కూడా పాడగలిగేలా విడి బండ్లకు ధరావతు తక్కువ పెట్టమని కూడా రాస్తున్నాను, పొదిలి తమ్ముడి కోసం. సంతకం పెట్టేవాళ్లు చెప్పండి.

నెల్లూరు పాతఇనుం:
ఆ అక్క మాట విన్నాక జాబితా వద్దని ఎట్టా అంటాను. నంబర్లన్నీ వేయండి, మా కొట్టు నుంచి కూడా సంతకం పెట్టిస్తా. ధరావతు తగ్గించే మాటకు మాత్రం ఒప్పుకోను. తక్కువ పెడితే పాడి, డబ్బు కట్టకుండా పోయేవాళ్లు ఎక్కువవుతారు, పాట మళ్లీ మొదటికొస్తుంది. ఆ ఒక్క లైను తీసేసి రాస్తే సోమవారం నేనూ ఒంగోలు వస్తా.