చిన్న మోడల్ పేరా చదివి చెబుతోందా, ఊహించి చెబుతోందా? ఎలా తేల్చాలి?

అరసున్న:
ఏఐ భాషా మోడల్ ఒకదాన్ని పరీక్షిస్తున్నాను. ప్రశ్నలకు జవాబు చెప్పేలా తర్ఫీదిచ్చిన 3 బిలియన్ పారామీటర్ల (లోపలి అంకెల) ఇన్‌స్ట్రక్ట్ మోడల్, ఆ అంకెలను 4 బిట్లకు క్వాంటైజ్ చేసి కుదించినది, సొంత కంప్యూటర్లో మోడళ్ళు నడిపే ఒల్లామాలో నడుస్తోంది. తెలుగు పేరా ఇచ్చి కింద ప్రశ్నలడిగితే దాని జవాబులు ఎంతవరకు నమ్మొచ్చో తేల్చాలి. పరీక్షలో మొత్తం 50 ప్రశ్నలు. 30 పేరా చదివి చెప్పేవి, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు. మిగతా 20 లెక్కల రూపంలో ఉన్న తర్కం. అవే ప్రశ్నలు మూడుసార్లు ఇస్తే 31, 27, 33 వచ్చాయి. పేరా పొడుగైతే అందులో లేని సంగతులు చెబుతోంది. లెక్కల్లో దారి బాగానే పట్టి జవాబు చెప్పకుండా మధ్యలో ఆగిపోతోంది. ఇది మోడల్ చేతకానితనమా, నా పరీక్షలో లోపమా? ఇంకో మోడల్‌తో పోల్చాలంటే ఎన్ని ప్రశ్నలు కావాలి?

నల్లబల్ల:
మీరు చెప్పిన రెండు లక్షణాలూ మోడల్ తెలివి కన్నా ముందు సెట్టింగులను అనుమానించాల్సినవి. తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు, ఏదైనా సరే యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలను దాచుకునే పద్ధతిలో) 3 బైట్లు. ‘విశ్వవిద్యాలయంలో’ అన్న ఒక్క మాటే 48 బైట్లు. తెలుగు సరిగా నేర్వని టోకెనైజర్ (మాటలను టోకెన్లనే ముక్కలుగా కోసి మోడల్‌కు ఇచ్చే భాగం) ఆ మాటను పదీ పదిహేను ముక్కలు చేసినా ఆశ్చర్యం లేదు. ఇంగ్లీషులో 400 టోకెన్లలో ఇమిడే పేరా తెలుగులో 2000 దాటిపోవచ్చు. ఒల్లామాలో చాలాకాలం డీఫాల్ట్ కాంటెక్స్ట్, అంటే మోడల్ ఒకేసారి చూడగల పొడవు, 2048 టోకెన్లే. అంతకు మించిన భాగాన్ని చెప్పాపెట్టకుండా కత్తిరిస్తుంది. పేరా సగమే అందిన మోడల్ మిగతా సగం కల్పించక ఏం చేస్తుంది?

తనిఖీ తేలికే. పేరా మొదటి వాక్యానికి ముందు ‘సంకేతపదం పిడుగు’ అని రాసి, చివర సంకేతపదం ఏమిటని అడగండి. పొట్టి పేరాలో చెప్పి పొడుగు పేరాలో తప్పితే కాంటెక్స్ట్ కోత పడుతోందని దాదాపు ఖాయం. ఆ పొడవును నిర్ణయించే సెట్టింగు అయిన నమ్_సీటీఎక్స్‌ను 8192 చేసి మళ్ళీ చూడండి. ఒల్లామాను ప్రోగ్రాము నుంచి పిలిచే ఏపీఐ జవాబులో ప్రాంప్ట్_ఈవల్_కౌంట్ అనే అంకె వస్తుంది, ఎన్ని టోకెన్లు లోపలికి వెళ్ళాయో అది చెబుతుంది.

మధ్యలో ఆగడం కూడా అలాంటిదే. అదే ఏపీఐ జవాబులో డన్_రీజన్ దగ్గర ‘లెంగ్త్’ అని ఉంటే జవాబు పొడవు పరిమితికి తగిలి ఆగింది, ‘స్టాప్’ అని ఉంటే తనే ఆగింది. మొదటిదాన్ని తప్పు జవాబుగా లెక్కేయకండి, పరిమితి పెంచి మళ్ళీ నడపండి. స్క్రిప్టులో ప్రాంప్టును మీరే అతికిస్తుంటే చాట్ టెంప్లేట్ కూడా సరిచూసుకోండి. యూజర్, అసిస్టెంట్ గుర్తులు లేకుండా ఇన్‌స్ట్రక్ట్ మోడల్‌కు ఉత్త వాక్యాలు పోస్తే అది జవాబు చెప్పడం మానేసి మీ ప్రశ్నపత్రాన్నే కొనసాగిస్తుంది.

మార్కులు ఊగడానికి కారణం టెంపరేచర్, మోడల్ మాటలను ఎంత యాదృచ్ఛికంగా ఎంచుకోవాలో చెప్పే సెట్టింగు. 0 పెట్టండి.

తోకచుక్క:
0 అన్నిటికీ పనికిరాదు. జవాబుకు ముందు పొడుగ్గా ఆలోచించే మోడళ్ళలో 0 పెడితే ఒకే వాక్యం తిప్పితిప్పి రాస్తూ కూర్చునే ప్రమాదం ఉంది. క్వెన్3 అనే మోడల్ ఆలోచించే మోడ్‌కు తయారీదారులే 0.6 పెట్టమంటారు, 0 వద్దంటారు. అలాంటప్పుడు ప్రతి ప్రశ్ననూ 5 సార్లు అడిగి సగటు తీసుకోవాలి. మీది మామూలు ఇన్‌స్ట్రక్ట్ మోడలైతే 0 సరిపోతుంది.

గుండ్రాయి:
సెట్టింగులు కుదిరాక చదివే ప్రశ్నల సంగతి. 30 ప్రశ్నలనూ ముందు పేరా లేకుండా అడగండి. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా గీసినా 7 లేదా 8 తగులుతాయి. 14 వచ్చాయంటే వాటిలో సగానికి పైగా పేరాతో పనిలేని ప్రశ్నలు. లోకజ్ఞానంతోనో, ఆప్షన్ల తీరు చూసో పట్టేస్తోంది. సరైన జవాబును వివరంగా, తప్పులను పొట్టిగా రాయడం ప్రశ్నలు రాసే అందరికీ ఉన్న అలవాటే, మోడల్ దాన్ని పసిగడుతుంది.

తర్వాత పేరాలో ఒక నిజాన్ని మార్చి ఇవ్వండి. ‘ఈ కథలోని గ్రహం మీద నీరు 70 డిగ్రీలకే మరుగుతుంది’ అని రాసి ఎన్ని డిగ్రీలకు మరుగుతుందని అడిగితే, చదివినది 70 అంటుంది, గుర్తున్నది వల్లించేది 100 అంటుంది. చిన్న మోడళ్ళు ఇక్కడ బాగా దొరుకుతాయి.

ఆప్షన్ల స్థానం ఇంకో గొడవ. కొన్ని మోడళ్ళకు మొదటి ఆప్షన్ మీద మోజు. సరైన జవాబును నాలుగు స్థానాల్లోనూ తిప్పి నాలుగుసార్లు అడిగి, నాలుగూ సరైతేనే మార్కు వేయండి. అలా గుడ్డిగా గట్టెక్కే అవకాశం 256లో 1.

ఇక అసలు తెలుగు. ఇంగ్లీషు ప్రశ్నలను అనువదిస్తే బయటపడనివి ఇక్కడే ఉన్నాయి. ఒక్క అక్షరం తేడాతో జంట వాక్యాలు రాయండి:

‘సుధ పిలిచిన రవి బయటికొచ్చాడు.’
‘సుధను పిలిచిన రవి బయటికొచ్చాడు.’

రెంటికీ ఒకటే ప్రశ్న: పిలిచింది ఎవరు? మొదటిదానికి సుధ, రెండోదానికి రవి. రెండుచోట్లా సుధ అంటే మోడల్ విభక్తిని చూడట్లేదు, ముందొచ్చిన పేరును కర్త అనుకుంటోంది. జంటలో రెండూ సరైతేనే మార్కు, లేకపోతే ఎప్పుడూ మొదటి పేరే చెప్పేదానికి సగం మార్కులు పుణ్యానికి పోతాయి.

‘మేము రేపు వెళ్తున్నాం’ అని రాజు కిరణ్‌తో అన్నాడు, కిరణ్ వెళ్తున్నాడా? లేదు. ‘మేము’ తీసి ‘మనం’ పెడితే అవును. ‘గీత రాకముందే లత వెళ్ళిపోయింది’ అన్నచోట, గీత వచ్చేసరికి లత ఉందా అని అడగండి. ‘రాక’లోని వ్యతిరేకార్థం చూసి గీత అసలు రానే లేదనుకునే మోడళ్ళుంటాయి. ‘ఫీజు కట్టకపోలేదు, గడువు దాటాక కట్టాడు’ లాంటివి కూడా కొన్ని కలపండి. ఒక్కో రకానికి 20 జంటలుంటే ఎక్కడ తడబడుతోందో తెలిసిపోతుంది.

పేరాలో జవాబే లేని ప్రశ్నలు పావు వంతు ఉండాలి. స్క్వాడ్ ప్రశ్నల సెట్‌కు 2018లో వచ్చిన రెండో రూపంలో 50,000కు పైగా అలాంటివి చేర్చింది ఇందుకే. వీటి మార్కులు విడిగా చూపించండి, కలిపేస్తే అన్నిటికీ ‘పేరాలో లేదు’ అనే పిరికి మోడల్‌కు కూడా కాస్త పరువు దక్కుతుంది.

ప్రశ్న వాడే ముందు ఇద్దరు మనుషుల చేత జవాబు రాయించండి. ‘సీత కుక్కను వరండాలో వదిలింది. కాసేపటికి లోపలికొచ్చేసింది.’ వచ్చింది ఎవరు? తెలుగులో కర్తను వదిలేస్తాం, క్రియ ఆడవాళ్ళకూ జంతువులకూ ఒకటే. మనుషులకే తేలనిదానికి మోడల్ మార్కులు కోయడం అన్యాయం.

తోకచుక్క:
లెక్కల్లో తప్పు ఎక్కడ పుట్టిందో విడదీయకపోతే 20కి ఎన్ని వచ్చినా ఏమీ తెలియదు. ఒకే లెక్కను మూడు రూపాల్లో ఇవ్వండి. ఒట్టి అంకెలు: 12 × 7 − 15. తర్వాత మాటల్లో: ‘ఒక్కో పెట్టెలో 12 పెన్సిళ్ళు, అలాంటివి 7 పెట్టెలు. మొత్తంలో 15 పెన్సిళ్ళు పంచేశారు. ఎన్ని మిగిలాయి?’ మూడోది అదే లెక్క, మధ్యలో ‘ఆ పెట్టెల్లో 4 నీలం రంగువి’ అన్న పనికిరాని వాక్యంతో. మూడింటికీ జవాబు 69. మొదటిదే తప్పితే గుణకారం రాదు, తర్కాన్ని నిందించక్కర్లేదు. రెండోది తప్పితే మాటలను లెక్కగా మార్చడం రాదు. మూడోదానికి 65 చెప్పిందంటే కనబడిన అంకెనల్లా వాడేస్తోందని అర్థం. అదే లెక్కను ఇంగ్లీషులో కూడా అడగండి. అక్కడ సరై ఇక్కడ తప్పితే లోటు తెలుగులో ఉంది.

అంకెలు, పేర్లు మార్చే చిన్న స్క్రిప్టు రాసి ఒక్కో మూస నుంచి 20 లెక్కలు పుట్టించండి. జీఎస్ఎమ్8కే అనే ఇంగ్లీషు మాటల లెక్కల సెట్‌లోని 1,319 పరీక్ష లెక్కలు 2021 నుంచి నెట్‌లో ఉన్నాయి, శిక్షణలో ఏ మోడళ్ళు మింగాయో చెప్పలేం. అందులోంచి 250 లెక్కలు తెలుగులో కావాలంటే ఎమ్‌జీఎస్ఎమ్ ఉంది. చదవడానికి బెలెబెలే అనే ప్రశ్నల సెట్‌లో భాషకు 900 ప్రశ్నలు, తెలుగూ ఉంది, అవే ప్రశ్నలు ఇంగ్లీషులోనూ ఉంటాయి కాబట్టి రెండు భాషల మధ్య తేడా కొలవడానికి బాగా పనికొస్తుంది. ఇవి కూడా బయట ఉన్నవే, అందుకే మీరు పుట్టించినవాటితో కలిపే చూడాలి.

లెక్కలో మెట్లు (ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సిన పనులు) పెంచుతూ పోండి: 2, 3, 4, 5. ఒక్కో మెట్టు 90 శాతం సరిగా వేసే మోడల్ 5 మెట్ల లెక్కలో 59 శాతానికి దిగుతుంది. కాబట్టి మెల్లగా తగ్గడం సహజం. 3 దాకా బాగుండి 4 దగ్గర ఒక్కసారిగా కూలిపోతే అసలు లోపం అక్కడుంది.

అరసున్న:
కాంటెక్స్ట్ 8192 చేశాను, సంకేతపదం ఇప్పుడు పొడుగు పేరాల్లోనూ చెబుతోంది. ఆప్షన్లు తీసేసి సొంతమాటల్లో జవాబడిగితే స్క్రిప్టు సగం సరైనవాటిని తప్పంటోంది. దిద్దడానికి ఇంకో మోడల్‌ను పెట్టొచ్చా?

నల్లబల్ల:
ముందు పోల్చే పద్ధతి చూడండి. అక్షరం అక్షరం సరిపోవాలంటే తెలుగులో నడవదు. మీ దగ్గర ‘గ్రంథాలయం’ ఉంది, అది ‘గ్రంథాలయానికి’ అంది, ఒకదానిలో ఒకటి వెతికినా దొరకదు. ఒక్కో ప్రశ్నకు ఒప్పుకోదగ్గ రూపాలన్నీ రాసిపెట్టుకోవాలి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) దాగి ఉంటుంది, యూనికోడ్ నార్మలైజేషన్ (ఒకే అక్షరపు వేర్వేరు రూపాలను ఒకటి చేయడం) దాన్ని తీయదు. పోల్చే ముందు మీరే తీసేయండి. లెక్కలకైతే చివరి లైనులో ‘జవాబు: 69’ అని రాయమనండి. చివర కనబడిన అంకెను ఏరుకుంటే ‘7 పెట్టెల్లో’ లోని 7 తగులుకుంటుంది. ‘అరవై తొమ్మిది’, ‘౬౯’, ‘1,250’ మూడూ స్క్రిప్టుకు అర్థం కావాలి. చెప్పిన తీరులో రాయనివాటిని తప్పుల్లో కలపక వేరే గడిలో వేయండి.

ఇంకో మోడల్‌తో దిద్దించొచ్చు, కాకపోతే పరీక్షిస్తున్నదాని కన్నా పెద్దదై ఉండాలి, సరైన జవాబు కూడా దానికి ఇవ్వాలి, సరా కాదా అని మాత్రమే అడగాలి. పదికి మార్కులు వేయమంటే పొడుగ్గా రాసినదానికే ఎక్కువ వేస్తుంది. అది దిద్దినవాటిలో 50 మీరు చేత్తో దిద్ది చూసి, నాలుగైదుకు మించి తేడాలుంటే దాన్ని పక్కన పెట్టండి.

ఎన్ని ప్రశ్నలు అన్నారు. 50కి 31 అంటే 62 శాతం, కానీ దాని అసలు సత్తా దాదాపు 49 నుంచి 75 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 400 ప్రశ్నలైతే ఆ ఊగిసలాట అటూ ఇటూ 5 శాతానికి తగ్గుతుంది. రెండు మోడళ్ళను పోల్చేటప్పుడు మొత్తాలు చూడకండి, ఇద్దరికీ అవే ప్రశ్నలిచ్చి ఒకటి సరై ఇంకొకటి తప్పినవి మాత్రమే లెక్కపెట్టండి. 200లో మొదటిది మాత్రమే చెప్పినవి 18, రెండోది మాత్రమే చెప్పినవి 9 అయితే అది అదృష్టం వల్ల కూడా రావచ్చు. 24కి 8 అయితే తేడా నిజమే. మెక్‌నెమార్ పరీక్ష అని వెతకండి.

గుండ్రాయి:
ఇంకొక్కటి. 4 బిట్ల ఫైలుకు వచ్చిన మార్కులు మోడల్‌వి కావు, ఆ ఫైలువి. వీలైతే అదే మోడల్ 8 బిట్ల ఫైలును అవే ప్రశ్నలతో ఒకసారి నడపండి. జంట వాక్యాల్లోనూ 4 మెట్ల లెక్కల్లోనూ తేడా వస్తుందేమో ముందు అక్కడ చూడండి.