రుషికొండ నుంచి భీమిలి దాకా కయాక్‌లో: బరంపురం నుంచి ఎనిమిది మందిమి వస్తున్నాం, సలహా కావాలి

బరంపురం కోడలు:
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో బరంపురం. ఫిబ్రవరిలో ఒక శనివారం విశాఖ వచ్చి, రుషికొండ దగ్గర బయల్దేరి భీమిలి దాకా సముద్రంలో కయాక్‌లో వెళ్దామని అనుకుంటున్నాం. నేను, మా ఆయన, మా ఆఫీసు వాళ్ళు నలుగురు, మా చిన్నాన్న కొడుకు, వాడి స్నేహితుడు. ఆరుగురికి ఈత వచ్చు, ఆఫీసులో ఇద్దరికి రాదు. రంభ దగ్గర చిలిక సరస్సులో అందరం తెడ్డు పట్టుకున్నవాళ్ళమే కానీ సముద్రంలో ఎవరూ దిగలేదు. తొట్లకొండ కింద రాళ్ళు, మంగమారిపేట రాతి తోరణం నీళ్ళ మీంచి చూడాలని నాకు చాలా ఆశ. ఇంతకీ ఇది ఒక్క పూటలో అయ్యే పనేనా? అంత దూరం రావడం ఎందుకు, గోపాల్‌పూర్ నుంచి రుషికుల్య మొగ దాకా వెళ్దామంటున్నాడు మా ఆయన. అదెలా ఉంటుంది?

భీమిలి నివాసి:
రండి, బాగుంటుంది. లైఫ్ జాకెట్ వేసుకుంటే ఈత రాకపోయినా భయం లేదండీ. తెల్లవారి బయల్దేరితే ఎండ ముదిరేలోపు భీమిలి వచ్చేస్తారు. తలకు టోపీ, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు మర్చిపోవద్దు. కార్లు ముందే భీమిలి పంపించేయండి.

గోపాల్‌పూర్ తెప్ప:
అక్కా, మాది గోపాల్‌పూర్. మా తాత, మా నాన్న తెప్ప మీద వేటకు వెళ్ళినవాళ్ళు. నేను విశాఖలో కయాక్ నేర్పుతున్నాను, మీరు చెప్పిన దారి నాకు బాగా తెలుసు.

ముందు మీ ఆయన మాటకు జవాబు. గోపాల్‌పూర్ నుంచి రుషికుల్య దాకా అంతా ఇసకే, అల నేరుగా వచ్చి ఒడ్డున విరుగుతుంది, దాక్కోవడానికి చాటు లేదు. మధ్యలో పోర్టు, దాని గోడలు, ఓడలు. పైగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో రుషికుల్య మొగ దగ్గరికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వేలకొద్దీ గుడ్లు పెట్టడానికి వస్తాయి. అందుకే అక్కడ నవంబర్ 1 నుంచి మే 31 దాకా మోటారు పడవలతో వేటకు వెళ్ళడం నిషేధం. మీ వెనకాల రావాల్సిన మోటారు పడవ దొరకడం కష్టం. ఆ పడవ లేకుండా ఎనిమిది మందిని సముద్రంలోకి తీసుకెళ్ళమని నేను చెప్పను. ఆ నెలల్లో అక్కడ తాబేళ్ళను వాటి మానాన వదిలేద్దాం.

రుషికొండ నుంచి భీమిలికి నీళ్ళ మీద సుమారు 15 కిలోమీటర్లు. కొత్తవాళ్ళున్న గుంపు గంటకు నాలుగు కిలోమీటర్లు పోతే గొప్ప, ఆగుతూ పోతే నాలుగున్నర గంటలు పడుతుంది. చేతులకు ఇదేమీ పెద్ద కష్టం కాదు. నేను భయపడేది ఒడ్డుకు చేరేటప్పుడే. అందుకని దూరం పక్కన పెట్టి, ఎక్కడెక్కడ దిగొచ్చో ముందు కాగితం మీద రాసుకోండి. రుషికొండ ఇసక, మంగమారిపేట ఇసక, ఆ పైన ఎర్రమట్టి దిబ్బల వైపు ఇసక, ఆఖరున భీమిలి. మధ్యలో రాళ్ళున్న చోట దిగలేరు. రాళ్ళకు పట్టిన ఆలుచిప్పలు బ్లేడు లాగా కోస్తాయి. భీమిలికి ముందు నేవీ స్థలం ఉంది, అక్కడ ఒడ్డుకు రాకూడదు, ఫోటోలు తీయకూడదు. భీమిలిలో కూడా గోస్తనీ మొగ దాకా పోకండి. పోటు తగ్గి నీళ్ళు తీసే వేళ నది నీరు బయటికి తోస్తుంది, అల లోపలికి వస్తుంది. రెండూ ఢీకొన్న చోట కెరటం నిలువుగా లేచి పడవను తిరగేస్తుంది. మొగకు దక్షిణాన బీచ్ ఉండగానే దిగిపోండి.

ఫిబ్రవరి ఎంచుకోవడం మంచిదే. నవంబర్, డిసెంబర్ నెలల్లో మన తీరం వెంబడి నీళ్ళ ఒరవడి దక్షిణానికి ఉంటుంది, ఫిబ్రవరి నుంచి ఉత్తరానికి తిరుగుతుంది. అంటే రుషికొండ నుంచి భీమిలి వైపు వెళ్తే ఒరవడి మీకు సాయం. మార్చి దాటితే దక్షిణపు గాలి, దానితో అల కూడా పెరుగుతాయి.

ఇక తెల్లవారుజామున వీచే కొండగాలి సంగతి. అది ఒడ్డు నుంచి సముద్రం వైపు తోస్తుంది. ఒడ్డు పక్కన నీళ్ళు నున్నగా కనిపిస్తాయి, ఎంత లోపలికి పోతే గాలి అంత జోరు. నున్నగా ఉందని లోపలికి పోయినవాళ్ళు తిరిగి రావడానికి ఎదురుగాలికి తెడ్డు వేయాలి, అప్పటికి భుజాలు పని చేయవు. అల విరిగే గీత దాటాక, దానికి బయటగా, ఒడ్డున మనుషులు కనిపించే దూరంలోనే పోవాలి. తొట్లకొండ రాళ్ళ దగ్గర మాత్రం కాస్త ఎడంగా జరగండి. రాయికి కొట్టి తిరిగొచ్చే అల, కొత్తగా వచ్చే అల కలిసి అన్ని వైపుల నుంచీ ఊపుతాయి. కడుపులో తిప్పేదీ అక్కడే. ఆగి ఫోటోలు తీసుకోవాలనిపిస్తుంది, ఆగకుండా నెమ్మదిగా తెడ్డు వేస్తూనే ఉండండి.

ఒడ్డుకు వచ్చేటప్పుడు ఒక్కొక్కరే రావాలి. అలలు గుంపుగా వస్తాయి, నాలుగైదు పెద్దవి వచ్చాక కాస్త నెమ్మదిస్తాయి. ఆఖరి పెద్ద అల వీపు వెనకే తెడ్డు గట్టిగా వేసి రావాలి. పడవ అడ్డం తిరిగితే అల వైపుకు వాలి, తెడ్డు నురుగు మీద ఆనించాలి. ఒడ్డు వైపుకు వాలితే బోర్లా పడతారు. దిగేది ఎప్పుడూ సముద్రం వైపే. పడవకూ ఒడ్డుకూ మధ్య నిలబడితే, నీళ్ళు నిండిన పడవను తరువాతి అల తెచ్చి మోకాళ్ళకు కొడుతుంది. కాలు విరగడానికి మోకాలి లోతు నీళ్ళు చాలు.

భీమిలి నివాసి గారూ, జాకెట్ గురించి మీ మాటతో నేను ఏకీభవించను. జాకెట్ తేలేలా ఉంచుతుంది, అంతే. నురుగులో ముఖం మీద అల కొడుతుంటే ఈత వచ్చినవాళ్ళు ఊపిరి బిగబడతారు, రానివాళ్ళు పక్కవాళ్ళ మెడ పట్టుకుంటారు. అప్పుడు ఇద్దరినీ కాపాడాలి.

బరంపురం కోడలు:
చాలా థాంక్స్ తమ్ముడూ. రుషికుల్య సంగతి మా ఆయనకు చదివి వినిపించాను, వెంటనే ఒప్పుకున్నారు. ఆ ఇద్దరినీ ఇంట్లో వదిలి వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఏమైనా దారి ఉందా? జనవరిలో రంభలో ప్రాక్టీస్ చేస్తే సరిపోతుందా?

గోపాల్‌పూర్ తెప్ప:
రంభ చాలా మంచి చోటు అక్కా. బ్రేక్‌ఫాస్ట్ ద్వీపం చుట్టూ లోతు తక్కువ, సముద్రపు అల రాదు. పక్షులున్న వైపు పోకుండా పొద్దున్నే ప్రాక్టీస్ చేయండి. తిన్నగా పోవడం అందరికీ వచ్చేసి ఉంటుంది. ఈసారి కావాలని పడండి. పడినవాళ్ళు తమ కయాక్ మీదికి అడ్డంగా పాకి, కాళ్ళు ఆడిస్తూ బొర్లా పడుకుని, తరువాత తిరిగి కూర్చోవాలి. పక్క పడవలో ఉన్నవాళ్ళు పడినవాళ్ళ పడవను రెండు చేతులతో పట్టి ఉంచాలి. మనుషులు మారుతూ, ఎవరికి ఎవరైనా సాయం చేయగలిగేదాకా ఇదే చేయండి. మీ ఆయనను మీరొక్కరే ఎత్తగలిగితే సరిపోదు, మీ తమ్ముడి స్నేహితుడు కూడా మీ ఆయనను ఎత్తగలగాలి.

ఆ ఇద్దరి కోసం: ఇద్దరు కూర్చునే కయాక్‌లు రెండు తీసుకోండి. ఈత రానివాళ్ళు ముందు, బాగా తెడ్డు వేసేవాళ్ళు వెనక. రంభలో వాళ్ళు నీళ్ళలో పడి, కంగారు పడకుండా మళ్ళీ ఎక్కగలిగితేనే సముద్రానికి రానివ్వండి. వచ్చినా మంగమారిపేట దాకే. రుషికొండ నుంచి అది సుమారు 6 కిలోమీటర్లు, రాళ్ళన్నీ ఆ ముక్కలోనే ఉన్నాయి, మీరు చూడాలనుకున్నవీ అక్కడే. తోరణం ఒడ్డునే ఉంది, నీళ్ళు తీసినప్పుడు నడిచి దాని కిందికి వెళ్ళొచ్చు, కయాక్‌తో దూరకండి. నిజానికి అందరూ అక్కడితో ఆపేసినా మీకు తక్కువేమీ కాదు.

ముందు రోజు ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ) వాళ్ళ అల అంచనా చూడండి. అల ఎత్తుతో పాటు రెండు అలల మధ్య ఎన్ని సెకన్లో కూడా చూడాలి. ఎత్తు తక్కువగా ఉండి 14, 15 సెకన్లుంటే అది దూరం నుంచి వచ్చిన బలమైన అల, ఒడ్డున గట్టిగా విరుగుతుంది. ఆ రోజు వద్దు. తీర రక్షక దళం నంబరు 1554, తీర (మెరైన్) పోలీసులది 1093. మెరైన్ పోలీసులకు ముందు రోజే చెప్పి, వెనకాల రావడానికి మోటారు పడవ మాట్లాడుకోండి. మంగమారిపేటలో జాలర్లు అలివి వల (ఒడ్డు మీంచి లాగే పెద్ద వల) లాగుతుంటే వల వైపు పోకుండా, ఎక్కడ దిగమంటారో వాళ్ళనే అడగండి, చెప్తారు.

భీమిలి నివాసి:
ఈత గురించి మీరు చెప్పింది సబబే తమ్ముడూ, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అక్కా, కార్లు రెండూ భీమిలి పంపకుండా ఒకటి మంగమారిపేటలో పెట్టించండి. ఈత రాని ఆ ఇద్దరికీ పొడి బట్టలు, టీ ఫ్లాస్కు అందులోనే ఉంచండి.