మా మేడ మీద చావుపిట్ట పిల్లలు, కాపాడే దారి చెప్పండి

ప్రశ్న (కాకినాడ):
నమస్కారమండి. మాది కాకినాడ శివారు, వరిచేల పక్కనే కట్టిన అపార్ట్‌మెంటు. మేడ మీద లిఫ్టు గది వెంటిలేటర్‌లో తెల్ల గుడ్లగూబల జంట గూడు పెట్టింది. చావుపిట్ట అంటారే, అదే. నాలుగు పిల్లలు. ఒకటి దాదాపు తల్లంత అయింది, ఆఖరిది ఇంకా గుప్పెడు దూదిలా ఉంది. చీకటి పడగానే బుసలు మొదలు. మొదటి రాత్రి పామేమోనని హడలిపోయాను. ఇప్పుడు ఆ చప్పుడు వినకపోతే నిద్ర పట్టదు.

వచ్చే ఆదివారం గూడు తీయించి జాలీ బిగిస్తామని అపార్ట్‌మెంటు అసోసియేషన్ వాళ్లు అంటున్నారు. మూడో అంతస్తు తాతగారు ఆసుపత్రిలో ఉన్నారు, అదీ కారణం. ఆ ఇంటివాళ్ల భయాన్ని నేను తీసిపారేయలేను. పైగా సార్వా కోతలయ్యాక ఎలుకలు ఎక్కువయ్యాయని సెల్లార్‌లో మందు బిళ్లలు పెడుతున్నారు. గూడును పక్క చెట్టు మీదికి మార్చవచ్చా?

జవాబు (అంబాజీపేట, కొబ్బరి రైతు):
మార్చకండమ్మా. ముందు ఆ బిళ్లలు తీయించండి. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్నాళ్లు మందకొడిగా తిరుగుతుంది. గుడ్లగూబకు సులువుగా దొరికేది అదే. మా తోటలో ఎలుకలు చెట్టెక్కి లేత కాయలు కొరికి రాల్చేవి. మందు పెట్టిన ఏడాది ఒక తెల్ల గుడ్లగూబ చెట్టు మొదట్లో చచ్చి పడి ఉంది. నా చేతులతోనే పూడ్చాను. అప్పటినుంచి మందు మానేసి, ఎలుకలు పట్టేవాళ్లతో బుట్టలు పెట్టిస్తున్నాను.

జవాబు (అటవీ శాఖలో పనిచేసి రిటైరయ్యాను):
గుడ్లగూబలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. కానీ ఆ మాట చివర చెప్పండి, ముందే చెబితే పంతానికి పోతారు. గుడ్లన్నీ ఒకేసారి పిల్లలు కావు, అందుకే పిల్లల్లో అంత తేడా. పుట్టిన రెండు నెలలకు ఎగురుతాయి. ఆఖరిది కూడా వెళ్లాక జాలీ బిగించుకోండి, పక్కనే ఒక చెక్కపెట్టె కట్టండి. ఈలోగా గూడు కింద నల్లటి ఉండలు వెతకండి. గుడ్లగూబ ఎలుకను గుటుక్కున మింగి, అరగని ఎముకలూ వెంట్రుకలూ అలా కక్కేస్తుంది. ఒకటి నానబెట్టి విప్పి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
విప్పానండి. బొటనవేలంత ఉండ. గోరువెచ్చని నీళ్లలో నానాక పుల్లతో విడదీస్తే, బూడిద రంగు వెంట్రుకల్లోంచి మూడు ఎలుక పుర్రెలు బయటపడ్డాయి. ముందుపళ్లు పసుపుపచ్చగా, ఉలి మొనల్లా ఉన్నాయి. ఒక్క ఉండలో మూడు! తెల్లకాగితం మీద పేర్చి తాతగారి కోడలికి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, "మా బియ్యం సంచి కొరికినవి ఇవేనా?" అన్నారు. సాయంత్రం ఆవిడే అసోసియేషన్ వాళ్లతో మాట్లాడారు.

బిళ్లలు తీసేశారు. జాలీ పని సంక్రాంతి వెళ్లేదాకా ఆపారు. తాతగారు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు, రేపు చూసి వస్తాను. పెట్టె చేయడానికి వడ్రంగి ఎల్లుండి వస్తానన్నాడు. రంధ్రం ఎంత ఉండాలో, ఏ చెక్క మంచిదో చెప్పగలరా?