చించ్ బగ్‌ను వట్టి ‘నల్లి’ అంటే చాలునా?

అమెరికాలో పచ్చికను పాడుచేసే ‘చించ్ బగ్’ను ఒక అనువాదంలో ‘నల్లి’ అని రాసినందుకు, నులకమంచం సందుల్లో ఉండవలసిన నల్లి గడ్డిలోకి ఎలా వచ్చిందని ఒక మిత్రులు అడిగారు. నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదిది, ఎందుకంటే ఆ ఇంగ్లీషు మాటకు కూడా పుట్టిల్లు మంచమే. లాటిన్‌లో నల్లిని ‘సిమెక్స్’ అనేవారు. దానినుండి స్పానిషులో ‘చించె’ పుట్టి, 17వ శతాబ్దంలో ‘చించ్’గా ఇంగ్లీషులో చేరింది. అప్పట్లో దాని అర్థం మంచపు నల్లే. తరువాత గోధుమ, జొన్న, మొక్కజొన్న చేలలో రసం పీల్చే, నలిపితే కంపుకొట్టే మరొక చిన్న పురుగుకు అదే పేరు అంటుకున్నది.

ఈ పేరు అక్కడితో ఆగలేదు. ఫ్లోరిడాలో ఇళ్లముందు పెంచే సెయింట్ అగస్టీన్ గడ్డిని ఎండబెట్టేది దాని దాయాది. ఆవజాతి మొక్కలను ఆశించే బూడిదరంగు పురుగును ‘ఫాల్స్ చించ్ బగ్’ అంటారు, అంటే అది పోలికను బట్టి పేరు పొందినదే. లాటిన్ అమెరికాలో చాగాస్ వ్యాధిని వ్యాపింపజేసే, రక్తం పీల్చే పెద్ద పురుగును సైతం ‘ముద్దులాడే చించె’ అంటారు.

మనం చేసినది వేరేమీ కాదు. శివుడు కొండమీద, విష్ణువు పాముమీద పడుకోవడం నల్లిబాధ పడలేకనే అని చమత్కరించిన చాటుపద్యంలోని నల్లి మంచానిదే. రైతు నోట మాత్రం వరికంకుల పాలు పీల్చేది కంపునల్లి, పత్తి, బొప్పాయిలపై తెల్లగా పేరుకునేది పిండినల్లి, వంగ, బెండ ఆకుల అడుగున సన్నని గూడు అల్లేది ఎర్రనల్లి. ఈ చివరిదానికి ఎనిమిది కాళ్లు. అది కీటకమే కాదు, సాలీడుకు చుట్టం. కాబట్టి పంటల విషయంలో ‘నల్లి’ అన్నది వంశం పేరు కాదు, పీల్చే పని పేరు అని నా అభిప్రాయం.

ఫ్లోరిడాలో మా బంధువుల ఇంట ఈ పురుగును నేను చూశాను. నీరు చాలకనే గడ్డి పసుపుపచ్చని మచ్చలుగా ఎండుతున్నదని వారు రోజూ తడుపుతూ వచ్చారు. చివరకు రెండువైపులా మూతలు కోసిన డబ్బాను, మచ్చ అంచున ఇంకా పచ్చగా ఉన్నచోట నేలలోకి దిగగొట్టి నీరు నింపితే, కొద్ది నిమిషాలకు నువ్వుగింజకన్న కొంచెం పొడవైన నల్లని పురుగులు, మడిచిన తెల్లరెక్కలతో పైకి తేలాయి. వాటి ఎర్రని పిల్లల నడుముకు తెల్లని పట్టీ ఉన్నది.

అందువలన ‘నల్లి’ తప్పు కాదు, ముందు విశేషణం లేకపోవడమే తప్పు. నేనైతే ‘గడ్డినల్లి’ అని రాసి, మొదటిసారి వచ్చినచోట ‘చించ్ బగ్’ అని పక్కన చేరుస్తాను.