‘మమ్మల్ని పొరబడవద్దు’ అనొచ్చా?

తిరుచానూరు_తామర:
మా కాలనీ సంఘం సభ్యులకు పంపే ఉత్తరంలో ‘దయచేసి మమ్మల్ని పొరబడవద్దు’ అని ఉంది. చదువుతుంటే ఎక్కడో తట్టుకుంటోంది. ‘అపార్థం చేసుకోవద్దు’ అని మార్చాలా, రెండూ ఒకటేనా? అందులోనే ‘ఖర్చును తప్పుడు అంచనా వేశాం’ అనీ ఉంది. ఉంచొచ్చా?

అలిపిరి_మెట్టు:
తట్టుకోవడం సహజమే. పొరబడటం అంటే ఒకటి చూసి ఇంకొకటి అనుకోవడం. ఏమనుకున్నారో కూడా చెప్పాలి: ‘తిరుమల బస్సని పొరబడి చిత్తూరు బస్సెక్కాడు’. తిరుమలకు అలిపిరి మెట్లదారిలో గాలిగోపురం చేరగానే కొండెక్కేశామని పొరబడతారు కొత్తవాళ్లు. 3550 మెట్లలో ఇంకా బోలెడు మిగిలే ఉంటాయి. ‘నన్ను దొంగని పొరబడ్డాడు’, ‘నా విషయంలో పొరబడ్డాడు’ సరే. ఉత్త ‘నన్ను పొరబడ్డాడు’ కుంటుతుంది. మీ ఉత్తరంలో గొడవంతా ఉద్దేశం గురించి కాబట్టి ‘అపార్థం చేసుకోవద్దు’.

మామిడి_మండీ:
‘తప్పుడు’ మాత్రం తీసేయండి సామీ! తప్పుడు కేసు, తప్పుడు సాక్ష్యం, తప్పుడు లెక్కలు... అన్నింట్లోనూ కావాలని చేశారన్న వాసన ఉంది. డబ్బుల ఉత్తరంలో ఆ మాట పడితే సభ్యులు రసీదులు తెమ్మంటారు. ‘ఖర్చు విషయంలో మా అంచనా తప్పింది’ అనండి. తోటలో కాపు చూసి పది టన్నులనుకుంటే ఏడే దిగింది: అంచనా తప్పింది, మోసమేమీ లేదు. పత్రికలు ‘తప్పుడు అంచనా’ను మామూలు అర్థంలోనూ వాడేస్తున్నాయి గానీ, సంజాయిషీ చెప్పుకునే చోట అది మీకే తిరగబడుతుంది.

తిరుచానూరు_తామర:
‘పొరపాటు’ పెడితే? ‘పొరబాటు’ అని కూడా కనబడుతోంది.

అలిపిరి_మెట్టు:
తడబడు–తడబాటు, కట్టుబడు–కట్టుబాటు, అలాగే పొరబడు–పొరబాటు. రాతలో ‘పొరపాటు’ ఎక్కువ, అదే రాయండి. పొరబడేది బుద్ధి, పొరపాటు చేతిదీ కావచ్చు. రసీదులో 500 బదులు 50 వేస్తే పొరపాటు జరిగిందంటాం, పొరబడ్డామనం. ఎంత ఖర్చవుతుందో ఊహించలేకపోవడం ఈ రెండూ కాదు, పైన చెప్పినట్టు అంచనా తప్పడమే.
ఎవరో ‘అపోహ’ అనకముందే: అది మనసులో పాతుకున్న తప్పు అభిప్రాయం. సంస్కృతంలో దాని అర్థమే తొలగించడం, మనమేమో అపోహలు తొలగిస్తుంటాం!

కాణిపాకం_కొబ్బరికాయ:
ఎదురుగా చెప్పేదైతే మన చిత్తూరు వైపు ‘తప్పుగా ఎత్తుకోవద్దన్నా’ అంటే అయిపోయె. ఉత్తరం కాబట్టి ‘తప్పుగా అనుకోవద్దు’ అని రాయండి. ‘అపార్థం’ కొంచెం కోర్టు నోటీసులా లేదూ?