ఫిన్స్ కొంటున్నా: ఫుల్ ఫుట్టా, ఓపెన్ హీలా?

కొత్తనీరు: అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో స్కూబా డైవింగ్ మొదటి కోర్సు (ఓపెన్ వాటర్) అయింది. ఈదడానికి కాళ్ళకి తొడిగే ఫిన్స్ అద్దెకిచ్చారు, పాదమంతా మూసే ఫుల్ ఫుట్‌వి. అవి మడమ దగ్గర ఒరుసుకుని రెండో రోజుకే బొబ్బ లేచింది. మూడో రోజు కాటన్ సాక్స్ వేసుకుని దిగాను, నవ్వకండి. జనవరిలో మళ్ళీ వెళ్తున్నా, సొంతవి కొనుక్కోవాలి. షాపతను ఫుల్ ఫుట్ చాలంటున్నాడు, ఫ్రెండేమో ఓపెన్ హీల్ (మడమ వెనక స్ట్రాప్ ఉండేవి) తప్ప వద్దంటున్నాడు.

రుషికొండ_రాజు: షాపతను చెప్పిందే కరెక్ట్. అండమాన్ నీళ్ళు వెచ్చగానే ఉంటాయి, ఓపెన్ హీల్ లోపల వేసుకునే బూటీలు (డైవింగ్ బూట్లు) ఎందుకు? బొబ్బ లేచింది సైజు కుదరక. ఫ్లైట్‌లో 15 కిలోల లగేజీలో ఫుల్ ఫుట్ జత బరువు తెలియను కూడా తెలియదు.

అలలమీద: రాజు అన్నా, నువ్వు ఎప్పుడూ పడవ మీంచే దూకుతావు కాబట్టి అలా అంటున్నావు. అక్కడే నీమో రీఫ్‌కి ఒడ్డు నుంచి నడిచి దిగాలి. వీపున సిలిండర్, కాళ్ళ కింద రాళ్ళు, విరిగిన పగడం ముక్కలు. ఒట్టి కాళ్ళతో నాలుగడుగులు వేసి చూడు! బూటీ ఉంటే ఓపెన్ హీలే. స్ట్రాప్ మాత్రం స్ప్రింగుదే తీసుకో తమ్ముడూ, రబ్బరు స్ట్రాప్ పడవ మీద తెగితే ఆ రోజు డైవ్ పోయినట్టే.

పాతకాపు: ఓపెన్ హీల్ అంటే జెట్ ఫిన్. 1960ల నాటి డిజైన్, ఇప్పటికీ అమ్ముతున్నారు. నల్ల రబ్బరు, పొట్టి బ్లేడు. ఫ్రాగ్ కిక్‌కి, అదే కప్పలా కాళ్ళు తన్నడానికి, దాన్ని మించింది లేదు.

అలలమీద: మూడు మిల్లీమీటర్ల పల్చటి వెట్ సూట్‌కి అంత బరువు రబ్బరా గురువుగారూ? నీళ్ళు లోపలికి రాని డ్రై సూట్‌లో కాళ్ళు పైకి తేలేవాళ్ళకి అది వరం. నేను అరువు తెచ్చుకుని వేసుకుంటే కాళ్ళు కిందికి లాగేశాయి. ఇసుకంతా రేగి వెనకాల వచ్చేవాడికి ఏమీ కనబడలేదు, పైకొచ్చాక తిట్లు. పైగా రెండో డైవ్‌కి పిక్క పట్టేసింది.

పాతకాపు: అది ఫిన్ తప్పు కాదు, నీ ట్రిమ్ తప్పు, అంటే నీళ్ళలో ఒళ్ళు సమంగా పెట్టుకోలేదు. బెల్టులోంచి కొంత బరువు తీసి పైకి జరిపితే సరిపోయేది.

అలలమీద: సరే, నాదే తప్పనుకుందాం. పట్టుమని పది డైవులు లేని కుర్రాడు ట్రిమ్ ఎప్పుడు నేర్చుకోవాలి, పిక్కలు ఎప్పుడు పెంచాలి? తమ్ముడూ, ఏ ఫిన్ వేసుకున్నా ఒకటి చేసి చూడు. అడుగుకు కాస్త పైన బోర్లా తేలుతూ, తన్నడం ఆపి పది లెక్కపెట్టు. కాళ్ళు దిగిపోతుంటే ఆ ఫిన్ నీకు బరువన్నమాట.

మోకాళ్ళబాధ: బ్లేడు మధ్యలో చీలి ఉండే స్ప్లిట్ ఫిన్ ఊసే ఎత్తరేం? మెల్లగా ఆడిస్తే చాలు, నా మోకాళ్ళు బతికిపోయాయి. వెనక్కి ఈదడానికి మాత్రం పనికిరావు, అది ఒప్పుకుంటా.

కొత్తనీరు: అందరికీ థాంక్స్. ముందు బూటీలు కొంటున్నా. అవి వేసుకుని అక్కడే రెండు మూడు రకాల ఓపెన్ హీల్ అద్దెకి తీసుకుని చూస్తా. పది లెక్కపెట్టాక ఏమైందో వచ్చి చెప్తా.

రుషికొండ_రాజు: ఆ 15 కిలోల్లో బూటీల బరువు కూడా లెక్కేసుకో.